మంగ్లు పెట్టిన వాత

లిమ్మపుట్టులో శుక్రవారం సంతకు బయల్దేరేవాళ్లు ముందు ఒక సంగతి కనుక్కునేవారు. సోని వెళ్లిపోయిందా, ఇంకా ఇంట్లోనే ఉందా? ఉందని తెలిస్తే గుమ్మం దగ్గర కాసేపు తాత్సారం చేసి, ఆమె మలుపు దాటాక కదిలేవారు. ఆమెతో కలిసి నడవడం ఎవరివల్లా అయ్యేది కాదు. నెత్తిన రాజ్మా మూట, నడుముకు బిగించిన కొంగు, నోట్లో చుట్ట. అరకులోయ దాకా ఎనిమిది కిలోమీటర్లు ఎక్కడా ఆగేది కాదు. వెనకొచ్చేవాళ్లు సంతలో అడుగు పెట్టేసరికి సరుకు అమ్మేసి, ఉప్పూ సబ్బూ కొనుక్కుని ఎదురొచ్చేది. "ఇప్పుడా రావడం" అని ఒక మాట అనకుండా మాత్రం పోయేది కాదు. ఆ మాట అనడానికే అంత వేగంగా నడుస్తుందని గిట్టనివాళ్లు అనేవారు. గిట్టనివాళ్లు అన్నా అది నిజమే.

పాంగి సోనికి ఇప్పుడు యాభై నాలుగేళ్లు. శనివారం పుట్టింది కాబట్టి సోని. ఆమె అన్న మంగళవారం పుట్టాడు కాబట్టి మంగ్లు. ఆమెకు ఐదేళ్లప్పుడు తల్లి, ఏడేళ్లప్పుడు తండ్రి పోతే, అప్పటికి మీసం రాని మంగ్లే ఆమెను పెంచాడు. తను తినే చోడి అంబలిలో, అంటే రాగిజావలో, సగం ఆమెకు పోసేవాడు. గెడ్డ పొంగితే వీపున ఎక్కించుకుని దాటించేవాడు. కొండ దిగేటప్పుడు అడుగు ఎలా వెయ్యాలో, బరువు ఎక్కడ ఆనించాలో చూపించింది కూడా అతనే. పెళ్లయి, కూతురు సౌందర్య పుట్టి, పదేళ్లకు మొగుడు పోతే, సోని మళ్లీ అన్న ఉన్న వీధికే వచ్చి ఇల్లు కట్టుకుంది. "మా దాదా సెప్తే నిప్పుల్లోనైనా నడిసెత్తాను" అని అన్న గురించి ఆమె ఎవరితోనైనా అనేది. మనుషులు ఇలాంటి మాటలు ఎంత తేలిగ్గా అనేస్తారో.

ఆమెకు చుట్ట పదిహేనో ఏట అలవాటైంది. ఆ వైపు ఆడవాళ్లలో చాలామంది అడ్డపొగే తాగుతారు. అంటే వెలిగించిన కొనను నోట్లో పెట్టుకుని, చల్లని కొనను బయట ఉంచుతారు. వానకు ఆరదు, గాలికి రవ్వలు ఎగరవు, కాఫీ పళ్లు కోసేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కొత్తవాళ్లు చూసి నోరు కాలదా అని అడిగితే సోని పెదవులు కదపకుండా నవ్వేది. చుట్టకు చుట్ట, నవ్వుకు నవ్వు.

మంగ్లు వాతలు పెట్టేవాడు. అతని తండ్రి పెట్టేవాడు, తాత పెట్టేవాడు. పిల్లలకు పసికర్లొచ్చి కళ్లు పచ్చబడినా, ఎద్దు కాలు వాచినా, ముసలివాళ్ల మోకాళ్లు పట్టేసినా, ఇనపచువ్వను నిప్పుల్లో ఎర్రగా కాల్చి, ఎక్కడ ఆనించాలో అక్కడ ఆనించి, ఆకుపసరు రాసి, నలభై రోజులు పథ్యం చెప్పి పంపేవాడు. చుట్టుపక్కల నాలుగూళ్లకు అతని పేరు తెలుసు. ఆ నాలుగూళ్ల పేరు నలభై ఊళ్ల పేరయింది మాత్రం మూడేళ్ల కిందట. ఆ ఏడు వానాకాలమంతా మంగ్లు కుంటుతూ నడిచాడు. ఇరవై అడుగులు వేసి పిక్క పట్టుకుని కూలబడేవాడు. తర్వాత పార్వతీపురంలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లి, నాలుగు నెలలుండి, కాఫీ కోతలు ముగిసే వేళకు నిటారుగా నడుచుకుంటూ తిరిగొచ్చాడు. పిక్క మీద అరచేతి పొడుగు మచ్చ ఉంది.

"నాకు నానే పెట్టుకున్నాను" అన్నాడు, అడిగినవాళ్లతో.

ఇక చెప్పేదేముంది. తన వాత తనకే పనిచేసిన మనిషి. పాడేరు నుంచి, అనంతగిరి నుంచి జీపులు కట్టుకుని రావడం మొదలుపెట్టారు. గురువారం వాతల రోజని స్థిరపడింది. అతని పెరట్లో నులకమంచాలు సరిపోక పక్కింటి నుంచి తెచ్చేవారు. మంగ్లు చుట్ట కూడా మానేశాడు. ఎందుకని అడిగితే దేవతకు మొక్కుకున్నానన్నాడు. పొద్దున్నే రోడ్డు మీద కొంత నడిచి, ఆగి, మళ్లీ నడిచి, మళ్లీ ఆగి, అలా గంటసేపు తిరిగేవాడు. అదీ మొక్కే అనుకున్నారు. సోని మాత్రం అన్న గొప్ప తన గొప్పే అన్నట్టు, గురువారం వచ్చినవాళ్లకు మంచినీళ్లిచ్చి, "బయపడకండి, మా దాదా సెయ్యి సల్లన" అని చెప్పేది.

ఏడాది కిందటి కాఫీ కోతల్లో ఆమె కుడి కాలు మొదటిసారి మొరాయించింది. తోటకు మూడు కిలోమీటర్ల ఎక్కుడు. రెండో మలుపు దాటగానే పిక్కను ఎవరో గుప్పిట్లో పట్టి పిండినట్టు అనిపించింది. ఆగితే వెనకవాళ్లు చూస్తారని ఇంకో పది అడుగులు వేసింది. ఇక వల్లకాక ఒక రాయి మీద కూర్చుని, దానికో సాకు ఉండాలి కదా, చుట్ట వెలిగించింది. నాలుగు పీల్పులు పీల్చేసరికి నొప్పి మాయమైంది. లేచి మామూలుగా నడిచింది. మర్నాడు కూడా అదే మలుపు, అదే నొప్పి. కూర్చుంది, చుట్ట తాగింది, పోయింది.

నొప్పి కూర్చున్నందుకు పోయింది. సోని చుట్టకు దండం పెట్టుకుంది. అంతకుముందు రోజుకు మూడు తాగేది, ఇప్పుడు ఆరు. నొప్పి మొదటి మలుపుకి దిగింది. చుట్టలు ఎనిమిదయ్యాయి. వెనకొచ్చేవాళ్లు ఆమెను దాటిపోతూ "ఇప్పుడా రావడం" అని తిరిగి అంటుంటే, ఆమె నవ్వి ఊరుకునేది, లోపల మాత్రం కుతకుతలాడేది. నడక తప్ప ఆమెకు మిడిసిపడడానికి ఈ లోకంలో ఇంకేమీ లేదు. ఆ కాస్తా పోతోందేమోనని భయం పట్టుకుంది.

ఒకరోజు ఆమె రాయి మీద కూర్చుని ఉండగా మంగ్లు ఆ దారినే వచ్చాడు.

"ఏటైనాది?" అన్నాడు.

"పిక్క పట్టెత్తంది దాదా. నడిత్తే ఒత్తాది, కూకుంటే పోతాది. సుట్ట తాగితే బేగి పోతంది."

మంగ్లు ఆమె కాలి వంక చూశాడు. చాలాసేపు చూశాడని ఆమెకు తర్వాత గుర్తొచ్చింది. అప్పుడు మాత్రం అన్నకు తన మీద ఎంత జాలో అనుకుంది.

"తాగు మరి" అని వెళ్లిపోయాడు.

మాఘమాసం వచ్చేసరికి ఇంటి నుంచి బోరింగు దాకా వెళ్లడానికి రెండుసార్లు ఆగాల్సొచ్చింది. సోని అన్న దగ్గరికి వెళ్లి వాత పెట్టమంది. ఎండలు రానీ అన్నాడు. ఎండలొచ్చాయి. అమావాస్య వెళ్లనీ అన్నాడు. అమావాస్య వెళ్లింది. నలభై ఊళ్లవాళ్లకు పెట్టేవాడు సొంత చెల్లెలికి పెట్టడేమిటని పెరట్లో కూర్చున్నవాళ్లు నవ్వులాటగా అడిగారు. ఒకడు మరీ ముందుకెళ్లి, "నీ వాత మీద నీకే నమ్మకం లేదేటి?" అన్నాడు. అందరూ నవ్వారు. మంగ్లు కూడా నవ్వి, చువ్వను నిప్పుల్లో పెట్టాడు.

మూడు వాతలు పెట్టాడు. రెండు పిక్క మీద, ఒకటి చీలమండ పైన. పెట్టేటప్పుడు చేతిని తేలిక చేశాడు. అది ఆమెకు తెలిసింది.

"గట్టిగా పెట్టు దాదా. నాకేటీ బయం నేదు."

గట్టిగా పెట్టాడు.

పథ్యం నలభై రోజులు. ఎండుచేపలు వద్దు, వంకాయ వద్దు, గుమ్మడికాయ వద్దు. సోని ఆ నలభై రోజులూ చోడి అంబలి, ఉప్పు తప్ప మరొకటి ముట్టలేదు. పిక్క మీది వాతలు ఎలాగో పొరలు కట్టాయి. చీలమండ మీదిది మాత్రం ఆరలేదు. ఆరకపోగా లోపలికి తినుకుంటూ పోయింది. పాదం ఎప్పుడూ చల్లగా ఉండేది. వెచ్చబడుతుందని పొయ్యి దగ్గర పెట్టుకుంటే మడమ బొబ్బలెక్కింది, బొబ్బ ఎక్కుతున్నట్టు కూడా తెలియలేదు. ఇక నడవక్కర్లేదు, పడుకున్నా నొప్పే. కాలు మంచం మీంచి కిందికి వేలాడదీస్తే కొంచెం నయమనిపించేది. మంగ్లు రోజూ వచ్చి పసరు రాసేవాడు. పుండు వంక చూసేవాడు కాదు, గోడ వంక చూస్తూ రాసేవాడు. నలభయ్యో రోజుకి చిటికెన వేలు నల్లబడింది. రెండ్రోజులకు దాని పక్క వేలు.

టైడాలో హోటల్ వంటశాలలో పనిచేసే సౌందర్య సెలవు పెట్టుకుని వచ్చింది. తల్లి కాలు చూసి వెంటనే వెళ్లి, సబ్‌సెంటర్ నర్సు గాయత్రిని వెంటబెట్టుకొచ్చింది. గాయత్రి విజయనగరం వైపు పిల్ల, ఉద్యోగానికి వచ్చి రెండేళ్లయింది. పాదం పైభాగంలో రెండు వేళ్లు ఆనించి అటూ ఇటూ జరిపి చాలాసేపు వెతికింది.

"నాడి అందట్లేదమ్మా. ఇంకొక్క రోజు కూడా ఇంట్లో ఉంచకండి" అంది.

పెద్దాసుపత్రి విశాఖపట్నంలో. డాక్టర్ సర్వేశ్వరరావు మాట తక్కువ మనిషి. చేతికి కట్టి బీపీ చూసే పట్టీని చీలమండ పుండుకు కొంచెం పైగా, మెత్తటి గుడ్డ మీద కట్టించి చూశాడు. తెర మీద కాలి లోపలి దారులు చూపించే మిషన్ పెట్టి చూశాడు. తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అమ్మా, గుండె నుంచి కాలికి రక్తం మోసే గొట్టాలుంటాయి. నీకు అవి లోపల గారకట్టి ఇరుకైపోయాయి. ఊరికే కూర్చుంటే ఆ వచ్చే కాస్త రక్తం సరిపోతుంది. నడిస్తే కండకు ఎక్కువ కావాలి, రాదు. అందుకే నొప్పి. ఆగితే మళ్లీ సరిపోతుంది, తగ్గుతుంది. చుట్ట తాగుతావా?"

"అది తాగితేనే కదా బాబూ తగ్గేది."

"కూర్చున్నందుకు తగ్గిందమ్మా. తాగినందుకు పెరిగింది. అడ్డపొగైనా నిలువుపొగైనా గొట్టాలకు ఒకటే. సుగర్ లేదు నీకు, బీపీ కొద్దిగా ఉంది. మిగతాదంతా చుట్టే."

సోనికి ఒళ్లు మండిపోయింది. ముందు డాక్టరు మీద, తర్వాత చుట్ట మీద. ముప్పై తొమ్మిదేళ్లు నోట్లో పెట్టుకు మోసింది దాన్ని. మొగుడు పోయిన రోజు ఏడవలేక తాగింది, కూతురు పెళ్లి వద్దని పనిలోకి వెళ్లిన రోజు తాగింది, ఒంటరి వానల్లో దానితోనే మాట్లాడింది. అది లోపల కూర్చుని కాలు తింటోందంటే ఎవరితో చెప్పుకోవాలి? మోసపోయానని అరవడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా.

ఆ మనిషిని డాక్టరే చూపించాడు. కట్టు విప్పి, చీలమండ మీది వాతపుండు చూసి విసుక్కున్నాడు.

"రక్తం అందని కాలి మీద చిన్న గీత పడినా మానదు. అలాంటిది ఎర్రగా కాల్చి పెడతారా? ఎవరమ్మా మీ కొండల్లో ఈ పని చేసేది? మూడేళ్ల కింద కూడా మీ వైపు నుంచే ఒకాయన వచ్చాడు. ఇదే జబ్బు. తనకు తనే వాత పెట్టుకున్నాడట. ఆ పుండు మానడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. బుద్ధిమంతుడు, చుట్ట ఆ రోజే మానేశాడు. రోజూ నడవమంటే నడిచాడు. ఇప్పటికీ ఆర్నెల్లకోసారి వచ్చి మందులు తీసుకెళ్తాడు. మీ ఊళ్లల్లో ఎవరికైనా నడిస్తే పిక్క పట్టేసి కూర్చుంటే తగ్గుతోందంటే, వెంటనే తీసుకురా నాయనా అని ఎన్నిసార్లు చెప్పానో. ఒక్కర్నీ తేలేదు."

సోని వేళ్ల మీద లెక్కపెట్టుకుంది, మూడేళ్లు, నాలుగు నెలలు, తనకు తనే వాత.

"ఆయనకి ఎడం సెవి సగమే ఉంటాదా బాబూ?" అని అడిగింది చివరికి.

డాక్టరు తలెత్తాడు. "నీకు తెలుసా?"

"తెలుసు" అంది. సౌందర్య అటు తిరిగి కిటికీ పట్టుకుని నిలబడింది. మంగ్లుకు చిన్నప్పుడు ఎలుగుబంటి చెవి చీల్చిన కథ ఆ కుటుంబంలో చెప్పని రాత్రి ఉండేది కాదు.

రక్తపు దారిలోకి సన్నటి తీగ పంపి, బెలూన్ ఉబ్బించి, ఇరుకు తెరిచారు. నల్లబడిన రెండు వేళ్లూ తీసేశారు. కాలు మిగిలింది. ఇంకో పది రోజులు ఆలస్యమైతే మోకాలి కింద తీసేసేవాళ్లమని గాయత్రికి డాక్టరు ఫోనులో చెప్పాడట. ఇంటికి పంపేటప్పుడు సోనికి చెప్పిన పథ్యంలో ఎండుచేపల ఊసే లేదు. పొగాకు ఏ రూపంలోనూ తాకకూడదు. మాత్రలు ఒక్కపూటైనా మానకూడదు. చెప్పుల్లేకుండా అడుగు వెయ్యకూడదు. నిప్పుసెగ, వేడి కాపడం కాలికి తగలనివ్వకూడదు. రోజూ పాదాలు తిప్పి చూసుకోవాలి. పుండు మానాక నడవాలి. నొప్పి గట్టిగా వచ్చేదాకా నడిచి, ఆగి, తగ్గాక మళ్లీ నడవాలి. అలా అరగంటతో మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే, రక్తం పక్కదారులు చేసుకుంటుంది.

నడిచి, ఆగి, మళ్లీ నడిచి. అన్న మొక్కు ఏమిటో సోనికి అప్పుడు అర్థమైంది.

ఊళ్లోకి వచ్చిన రోజే ఇంకొకటి తెలిసింది. పక్కింటావిడ పరామర్శకు వచ్చి, నొచ్చుకుంటూనే, "ఎందుకు తిన్నావమ్మా ఆ ఎండుసేపలు? మంగ్లు ఎంత బాదపడ్డాడో. సొంత సెల్లి పత్తెం తప్పితే నానేటి సెయ్యనని" అంది. సోని ఆ మాటకు మంచం పట్టె పట్టుకుంది. వేళ్లు పోయినప్పుడు లేని మంట అప్పుడు పుట్టింది. నలభై రోజులు ఉప్పూ అంబలీ తిని పడుంటే, ఊరంతా కలిసి ఆమె నోట్లో ఎండుచేపలు కుక్కింది. కుక్కించింది అన్న.

రెండో రోజు మంగ్లు నాటుకోడిని తెచ్చి గుమ్మం దగ్గర కట్టేసి, లోపలికొచ్చి నేలమీద కూర్చున్నాడు.

"డాక్టరు సెప్పాడు దాదా" అంది సోని.

అతను ఏ డాక్టరని అడగలేదు.

"నీకు తెలుసు. ఆ రాయి మీద కూకున్ననాడే తెలుసు. తాగు మరి అన్నావు."

"నీ కాలు పోవాలని సెయ్యలేదు సోనీ."

"పోతాదని తెలుసా, నేదా?"

మంగ్లు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "అందరి ముందూ అడిగీసారు. పెట్టనంటే ఎందుకు పెట్టవంటారు. ఆస్పత్రి సంగతి బయటికొత్తాది. మన అయ్య, మన తాత, ఆల పేరు కూడా నాతోటే పోతాది. నీది పోకపోవచ్చు, నాకూ మానింది కదా అనుకున్నాను."

"నీకు నాలుగు నెలలు డాక్టర్లు మానిపించారు. నాకు నువ్వు పసరు రాసావు."

అతను కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఆ నీళ్లు నిజమైనవే, అందుకే ఆమెకు మరింత కోపం వచ్చింది.

"ఎండుసేపలు నానెప్పుడు తిన్నాను దాదా?"

"అదొక మాటొచ్చింది, అనీసాను."

"ఐతే నువ్వే సెప్పు. పెరట్లో కూకున్నోలకి నువ్వే సెప్పు, ఈ నొప్పికి వాత కాదు, ఆస్పత్రికెల్లండి అని. సెల్లి పత్తెం తప్పలేదని సెప్పు. నీ నోటంట నువ్వు సెప్తే, నానెవరికీ ఏటీ సెప్పను."

చెప్తానన్నాడు. ఆమె తల మీద చెయ్యి వేసి మరీ అన్నాడు. సోని నమ్మింది. ఇన్ని జరిగాక కూడా నమ్మిందేమిటని అడగొచ్చు. యాభై ఏళ్లు నమ్మిన మనిషిని ఒక్క నెలలో నమ్మడం మానెయ్యడం, చుట్ట మానేసినంత తేలిక కాదు. చుట్టనైతే ఆమె ఆసుపత్రి గుమ్మంలోనే మానేసింది.

మొదటి గురువారం జీపులొచ్చాయి, వెళ్లాయి. రెండోదీ, మూడోదీ అంతే. ఆమె మంచం మీద పడుకుని చెవి రిక్కించేది. వాత పెట్టేటప్పుడు వినిపించే కేకలు ఎప్పటిలాగే వినిపించేవి.

పుండు మానాక, వేళ్లు తీసిన చోట రాసుకోకుండా మెత్తటి కట్టు కట్టుకుని నడక మొదలుపెట్టింది. లిమ్మపుట్టులో చదునుగా ఉన్న దారి ఒక్కటే, ఆమె గుమ్మం నుంచి మంగ్లు ఇంటి మీదుగా నీళ్లట్యాంకు వైపు వెళ్లే సిమెంటు రోడ్డు. రెండోవైపు ఎక్కుడు, అది అప్పుడే వద్దన్నారు. ఆమె కాలికి నొప్పి సరిగ్గా నూట ఇరవై అడుగులకు వచ్చేది. నూట ఇరవై అడుగులంటే మంగ్లు ఇంటి తడిక. ఎంత పంతం పట్టినా కాలు వినేది కాదు. రోజూ అక్కడే ఆగి, తడిక పట్టుకుని, నొప్పి దిగేదాకా నిలబడాల్సి వచ్చేది. తప్పు చేసినవాడు లోపల, శిక్ష అనుభవించేది వాకిట్లో.

ఒక గురువారం అలా నిలబడి ఉండగా పెరట్లో నలుగురు కనిపించారు. వాళ్లలో దేముడమ్మ అనే ఒకావిడ, అనంతగిరి అవతలి నుంచి కొడుకు బండి మీద వచ్చింది. కాలు చాపుకుని, చీర పిక్క దాకా మడుచుకుని కూర్చుంది. మంగ్లు చువ్వ తిప్పుతున్నాడు. తడిక దగ్గర కట్టుకాలితో నిలబడ్డ మనిషిని చూసి దేముడమ్మ, "ఆయమ్మ కాలికేటైనాది?" అని అడిగింది.

మంగ్లు తలెత్తాడు. చెల్లెలి కళ్లలోకి చూశాడు. ఇప్పుడు చెప్తాడనుకుంది సోని.

"మా సెల్లే. పత్తెం తప్పింది" అన్నాడు.

ఆమె ఎదురుగానే అన్నాడు. ఆమె తల మీద వేసిన చేత్తోనే చువ్వ పట్టుకుని అన్నాడు. సోనికి కాలి నొప్పి తగ్గిందో లేదో తెలియలేదు, తడిక తీసి లోపలికి నడిచి దేముడమ్మ ముందు కూర్చుంది.

"నీకు నడిత్తే ఒత్తాదా, కూకుంటే పోతాదా?"

"అవునమ్మా. అచ్చం అలాగే."

"సుట్ట తాగుతావా?"

దేముడమ్మ సిగ్గుపడి తలూపింది. సోని చెప్పు విడిచి, కట్టు విప్పి, కాలు ఆమె ఒడి ముందు పెట్టింది.

"నాదీ ఇదే నొప్పి. ఇదే సువ్వ. నలబై రోజులు ఉప్పూ అంబలీ తప్ప తిననేదు, మా దాదా అబద్దమాడతన్నాడు. ఆయన కాలు వాతతోటి బాగవలేదు. ఇశాపట్నం ఆస్పత్రిలో బాగైంది. ఇప్పుటికీ మాత్రలు మింగుతన్నాడు. అడుగు."

దేముడమ్మ మంగ్లు వైపు తిరిగింది. అందరూ తిరిగారు. మంగ్లు అవునని అనలేదు, కాదనీ అనలేదు. చేతిలో చువ్వ ఎరుపు తగ్గి నల్లబడేదాకా అలాగే నిలబడ్డాడు. దేముడమ్మ చీర సర్దుకుని లేచింది. ఆమెను ఆ పూటే గాయత్రి పెద్దాసుపత్రికి రాసి పంపింది. మిగతా ముగ్గురూ లేవలేదు. మోకాళ్ల నొప్పులకు వచ్చాం, మాది వేరే అన్నారు. మంగ్లు చువ్వను మళ్లీ నిప్పుల్లో పెట్టాడు.

తర్వాతి వారాల్లో పిక్కనొప్పివాళ్లు రావడం తగ్గింది. మోకాళ్లవాళ్లూ, ఎద్దులవాళ్లూ వస్తూనే ఉన్నారు. ఊళ్లో సగంమంది సోనిది నిజమన్నారు. సగంమంది, నిజమైనా పెంచినవాణ్ని పరాయివాళ్ల ముందు అలా దిగజారుస్తారా అన్నారు. ఆ రెండో సగం మాట విన్నప్పుడు సోనికి తనను గెడ్డ దాటించిన వీపు గుర్తొచ్చేది. ఆమె నడక మాత్రం మానలేదు. మానలేదు కాబట్టి రోజూ ఆ తడిక దగ్గరే ఆగాల్సి వచ్చేది. మంగ్లు స్టూలు తెచ్చి తడిక బయట పెట్టేవాడు. ఆమె కూర్చునేది కాదు. ఇద్దరూ మూరెడు దూరంలో, ఆమె రోడ్డు వైపు చూస్తూ, అతను ఆమె కాలి వైపు చూస్తూ, ఒక్క మాట లేకుండా నిలబడేవారు. నొప్పి దిగాక ఆమె వెళ్లిపోయేది. చూసేవాళ్లకు అన్నాచెల్లెళ్లు రాజీ పడినట్టే కనిపించేది. మంగ్లు కూడా అలాగే అనుకున్నాడేమో, ఒకరోజు స్టూలు మీద మెత్తటి గోనెపట్టా వేశాడు.

కార్తీకం వెళ్లి మంచు దిగింది. ఒక పొద్దున సోని ఈసారి కోతలకు పనికి రమ్మంటారా, మానమంటారా అని ఆలోచిస్తూ నడుస్తోంది. పిక్క పట్టేసింది. ఆగి, అలవాటుగా తడిక కోసం చెయ్యి చాస్తే తగల్లేదు. తలెత్తి చూస్తే ఎదురుగా నీళ్లట్యాంకు. మంగ్లు ఇల్లు దాటి ఎనభై అడుగులు వచ్చేసింది. దాటినట్టు కూడా తెలియలేదు.

వెనక మంచులో మంగ్లు స్టూలు పక్కన నిలబడి ఉన్నాడు.

"సోనీ, ఇయ్యాల ఆగలేదేటి?"

ఇన్నాళ్లూ తనను ఆ తడిక దగ్గర నిలబెట్టింది నొప్పి ఒక్కటేనని ఆమెకు అప్పుడు తెలిసింది. తెలిసి ఏడుపొచ్చింది. వెనక్కి మాత్రం తిరగలేదు.

"నొప్పి రానేదు" అంది.

ఆ మాట చివర దాదా అని అనలేదు. పుట్టి బుద్ధెరిగాక అతనితో అలా మాట్లాడడం అదే మొదటిసారి. ఆ సంగతి ఆమెకు తెలిసింది, మంచులో నిలబడ్డ ఆ ముసలాయనకూ తెలిసింది. పిక్క సర్దుకున్నాక ఆమె ట్యాంకు దాటి ముందుకు నడిచింది.